తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో టెలిస్కోపులతో రీసెర్చ్: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని వెంటనే నమ్మకూడదు

రేడియో టెలిస్కోప్ అనగానే ఆకాశం వైపు తిరిగిన పెద్ద డిష్ గుర్తొస్తుంది. సుమారు 10 నుంచి 350 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే వాటిలో చాలావాటికి డిష్షూ ఉండదు, కదిలే భాగాలూ ఉండవు. నేల మీద చిన్న చిన్న యాంటెన్నాలు వందల్లో, వేలల్లో నిలబెట్టి ఉంటాయి. ఒక్కో యాంటెన్నా సిగ్నల్‌ని ఎంత ఆలస్యం చేసి మిగతావాటితో కలుపుతామో దాన్ని బట్టి టెలిస్కోప్ ఏ దిక్కు చూస్తుందన్నది తేలుతుంది. నెదర్లాండ్స్ కేంద్రంగా యూరప్ అంతా పరుచుకున్న లోఫార్, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎండబ్ల్యుఏ, అమెరికాలోని ఎల్‌డబ్ల్యుఏ ఈ రకానివే. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ మాత్రం 45 మీటర్ల డిష్‌లు 30 పెట్టుకుని, వీటితో సమానమైన ఫ్రీక్వెన్సీల నుంచి పైకి వెళ్తుంది.

వీటితో పరిశోధన చేయడానికి మీరు వాటి దగ్గరికి వెళ్ళక్కర్లేదు. అబ్జర్వేషన్ డేటా చాలావరకు ఒక గడువు దాటాక ఆర్కైవ్‌లో అందరికీ తెరుస్తారు, పెద్ద సర్వేల ఇమేజ్‌లు, క్యాటలాగ్‌లు అయితే నేరుగా దించుకోవచ్చు. కొంచెం లినక్స్, కొంచెం పైథాన్, కాలేజీ స్థాయి ఫిజిక్స్, ఇంకా ఓపిక ఉంటే మొదలుపెట్టొచ్చు. అయితే ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఫ్రీక్వెన్సీల్లో మీ చేతికొచ్చే డేటాలో ఆకాశం ఒక్కటే ఉండదు. ఎఫ్‌ఎం స్టేషన్లు, ఉపగ్రహాలు, ఐనోస్ఫియర్ (వాతావరణంలో బాగా పైన, ఎలక్ట్రాన్లు విడిగా తిరిగే పొర), మీరు చూడని దిక్కు నుంచి చొరబడే పెద్ద పెద్ద రేడియో మూలాలు (రేడియో తరంగాలు పంపే ఖగోళ వస్తువులు), అన్నీ కలిసిపోయి ఉంటాయి. పనిలో ఎక్కువ భాగం ఏది ఆకాశం కాదో తేల్చుకోవడమే, ఈ గైడ్ కూడా ఎక్కువగా దాని గురించే.

ముందు కాస్త బేసిక్స్

150 మెగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 2 మీటర్లు. ఎంత సన్నని వివరం కనిపిస్తుందనేది తరంగదైర్ఘ్యాన్ని టెలిస్కోప్ వెడల్పుతో భాగిస్తే వస్తుంది. 2 కిలోమీటర్ల వెడల్పు ఉంటే ఈ ఫ్రీక్వెన్సీలో దాదాపు మూడున్నర ఆర్క్‌నిమిషాలు (ఆర్క్‌నిమిషం డిగ్రీలో 60వ వంతు, ఆర్క్‌సెకను అందులో 60వ వంతు), 100 కిలోమీటర్లు ఉంటే దాదాపు 4 ఆర్క్‌సెకన్లు. 100 కిలోమీటర్ల డిష్ ఎవరూ కట్టలేరు కాబట్టి యాంటెన్నాలను దూరదూరంగా పెట్టి, రెండేసి జతలుగా తీసుకుని వాటి సిగ్నళ్ళను పోల్చి చూస్తారు. ఒక్కో జతని బేస్‌లైన్ అంటారు. 30 డిష్‌లకి 435 జతలు, 128 స్టేషన్లకి (స్టేషన్ అంటే యాంటెన్నాల ఒక గుంపు) 8,128 జతలు. ఒక్కో జత కొలిచేది ఫొటోలో ఒక పిక్సెల్‌ని కాదు, ఆకాశపు బొమ్మ ఫూరియర్ రూపంలో, అంటే బొమ్మని తరంగాలుగా విడగొట్టిన రూపంలో, ఒక బిందువుని. ఎన్ని జతలున్నా ఖాళీలు మిగులుతాయి, ఆ ఖాళీల వల్లే ప్రతి ప్రకాశవంతమైన మూలం చుట్టూ రింగులు, చారలు కనిపిస్తాయి. ఈ ఒక్క విషయం సరిగ్గా బుర్రకెక్కితే తర్వాత చాలా అయోమయం తప్పుతుంది.

ఇంకోటి, ఈ ఫ్రీక్వెన్సీల్లో ఆకాశమే గోల. పాలపుంతలో అయస్కాంత క్షేత్రాల చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ల నుంచి వచ్చే సింక్రోట్రాన్ ఉద్గారం 150 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని వందల కెల్విన్ ఉంటుంది (రేడియోలో ప్రకాశాన్ని ఉష్ణోగ్రతలా కొలుస్తారు), 50 దగ్గరికి వచ్చేసరికి కొన్ని వేలు. రిసీవర్ సొంత నాయిస్ దాని ముందు చిన్నది. అందుకే ఎక్కువ ఫ్రీక్వెన్సీ టెలిస్కోపుల్లో లాగా రిసీవర్లను అతిశీతలంగా ఉంచాల్సిన అవసరం ఉండదు, చవక యాంటెన్నాలు వేలల్లో పెట్టడం సాధ్యమైంది కూడా ఇందుకే.

ప్రశ్న ఎంచుకోవడం

డేటా దించుకుని తర్వాత ప్రశ్న వెతుక్కుందాం అనుకోకండి, టెరాబైట్ల మధ్య కూరుకుపోతారు. ముందు ప్రశ్న ఉండాలి, అది కూడా తక్కువ ఫ్రీక్వెన్సీకే ప్రత్యేకంగా తేలే ప్రశ్న అయితే మంచిది. ముసలివైపోయిన రేడియో గెలాక్సీలు ఒక మంచి ఉదాహరణ. ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు ముందు చల్లారిపోతాయి కాబట్టి కొలిమి ఆరిపోయిన గెలాక్సీ ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో మాయమైపోయినా, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. గెలాక్సీ గుచ్ఛాలు ఢీకొన్నప్పుడు పుట్టే పొడవాటి వంపు ఆకారాలు, పల్సర్లు (తిరుగుతూ క్రమం తప్పకుండా పల్సులు పంపే న్యూట్రాన్ నక్షత్రాలు), సూర్యుడి మీది రేడియో పేలుళ్ళు, నిమిషాల తరబడి వెలిగి ఆరే మూలాలు, ఇవన్నీ కొత్తవాళ్ళకి అందేవే.

కాస్మిక్ డాన్ (విశ్వంలో మొదటి నక్షత్రాలు వెలిగిన కాలం) మాత్రం మొదటి ప్రాజెక్టుగా వద్దు. హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేఖ అసలు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, రెడ్‌షిఫ్ట్ 9 (విశ్వం విస్తరించడం వల్ల తరంగదైర్ఘ్యం పది రెట్లు సాగే దూరం) నాటి హైడ్రోజన్‌ది మన దాకా వచ్చేసరికి 142 దగ్గరికి జారుతుంది. ఆ సిగ్నల్ మిల్లీకెల్విన్లలో ఉంటుంది, దానికి అడ్డంగా ఉన్న పాలపుంత వందల కెల్విన్లలో. కాలిబ్రేషన్‌లో, అంటే పరికరపు తేడాల్ని కొలిచి సరిచేయడంలో, ఏ చిన్న లోపం ఉన్నా ఆ సిగ్నల్ కంటే పెద్దదిగా కనిపిస్తుంది. దీని మీద పెద్ద బృందాలు ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాయి. ఆసక్తి ఉంటే అలాంటి బృందంలో చేరండి, ఒంటరిగా తలకెత్తుకోకండి.

ఆర్కైవ్‌లో కొత్తవి ఏం దొరుకుతాయిలే అని అనుమానం ఉన్నవాళ్ళకి ఒక సంగతి. ఎండబ్ల్యుఏ 2018లో తీసిన డేటాలో 18.18 నిమిషాలకోసారి వెలిగే ఒక మూలం ఉంది. అప్పుడు ఎవరూ గమనించలేదు. తర్వాత టైరోన్ ఓ'డోహర్టీ అనే విద్యార్థి తను తయారుచేసిన పద్ధతితో అదే డేటాని వెతికినప్పుడు బయటపడింది, నటాషా హర్లీ-వాకర్ బృందం 2022లో ప్రచురించింది. మామూలు పల్సర్ పీరియడ్ మిల్లీసెకన్ల నుంచి సెకన్లలో ఉంటుంది, నిమిషాల్లో తిరిగేది అంత గట్టిగా రేడియోలో వెలగడాన్ని అప్పటిదాకా ఉన్న లెక్కలు ఒప్పుకోవు. మరుసటి ఏడాది అదే బృందం దాదాపు 22 నిమిషాల పీరియడ్ ఉన్న ఇంకో మూలాన్ని ప్రకటించింది. పాత ఆర్కైవ్‌లు తిరగేస్తే అది 1988 నుంచీ రికార్డుల్లో పడుతూనే ఉందని తేలింది. అంటే డేటా చేతిలోనే ఉంది, ఆ కాలవ్యవధుల్లో వెతకాలన్న ఆలోచనే లేదు.

ఏ టెలిస్కోప్ డేటా తీసుకోవాలన్నది ప్రశ్న బట్టే. దక్షిణాకాశం కావాలి, విశాలంగా కావాలి అంటే ఎండబ్ల్యుఏ, కానీ వివరం ఆర్క్‌నిమిషాల్లోనే ఉంటుంది. ఉత్తరాకాశం, సన్నని వివరం కావాలంటే లోఫార్. దానికి రెండు రకాల యాంటెన్నాలు, ఒకటి ఎఫ్‌ఎం బ్యాండ్‌కి కింద, ఒకటి పైన. డచ్ స్టేషన్లతోనే 150 దగ్గర 6 ఆర్క్‌సెకన్లు వస్తుంది, ఇతర దేశాల్లోని స్టేషన్లు కూడా కలిపితే 0.3 దాకా దిగొచ్చు, అయితే ఆ ప్రాసెసింగ్ బాగా చెయ్యి తిరిగినవాళ్ళ పని. జీఎంఆర్‌టీకి 25 కిలోమీటర్ల బేస్‌లైన్లు, రెండు ఆకాశాల్లోనూ చాలా భాగం కనిపిస్తుంది, ఒకే చోట 120 నుంచి 1450 మెగాహెర్ట్జ్ దాకా వేర్వేరు బ్యాండ్లు దొరుకుతాయి కాబట్టి స్పెక్ట్రమ్ పనికి చాలా బాగుంటుంది.

ముందు క్యాటలాగ్‌తో ఆడుకోండి

రా డేటా ముట్టుకునే ముందు కొన్ని వారాలు క్యాటలాగ్‌లతో గడపమని నా గట్టి సలహా. లోఫార్ వాళ్ళ లాట్స్ సర్వే 2022లో విడుదల చేసిన రెండో భాగంలో 144 మెగాహెర్ట్జ్ దగ్గర ఉత్తరాకాశంలో 27 శాతం మేర 44 లక్షల మూలాలున్నాయి. దక్షిణానికి ఎండబ్ల్యుఏ వాళ్ళ గ్లీమ్ ఉంది, 72 నుంచి 231 మెగాహెర్ట్జ్ వరకు, మూడు లక్షలకు పైగా మూలాలు. జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్జ్ సర్వే టీజీఎస్‌ఎస్ మధ్యలో రెంటినీ కలుపుతుంది. 1400 మెగాహెర్ట్జ్ దగ్గర ఎన్‌వీఎస్‌ఎస్ అనే సర్వే ఉంది. టాప్‌క్యాట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో లాట్స్‌నీ ఎన్‌వీఎస్‌ఎస్‌నీ స్థానం బట్టి జత చేసి, ఒక్కో మూలానికి స్పెక్ట్రల్ ఇండెక్స్ (ఫ్రీక్వెన్సీతో ప్రకాశం ఎంత నిటారుగా మారుతుందో చెప్పే అంకె) లెక్కకట్టండి. లెక్క సులువే. ఒక మూలం 144 దగ్గర 1 జాన్స్కీ (రేడియో ప్రకాశానికి యూనిట్), 1400 దగ్గర 0.2 జాన్స్కీ ఉందనుకోండి, రెండు ప్రకాశాల నిష్పత్తి లాగరిథమ్‌ని ఫ్రీక్వెన్సీల నిష్పత్తి లాగరిథమ్‌తో భాగిస్తే -0.71 వస్తుంది. మామూలు రేడియో గెలాక్సీలు ఈ చుట్టుపక్కలే ఉంటాయి.

-1.3 కంటే నిటారుగా పడిపోయేవి కనిపిస్తే ఆగి చూడాలి. అవి చాలా దూరపు గెలాక్సీలు కావచ్చు, ఆరిపోతున్నవి కావచ్చు, చుక్కలా చిన్నగా ఉంటే పల్సర్ కావచ్చు. 1982లో దొరికిన మొట్టమొదటి మిల్లీసెకండ్ పల్సర్, సెకనుకి 642 సార్లు తిరిగేది, బయటపడిన దారి ఇదే: స్పెక్ట్రమ్ నిటారుగా ఉంది, మినుకుమినుకుమంటోంది, మామూలు గెలాక్సీ కాదని అనుమానం వచ్చింది.

అయితే సంతోషపడే ముందు రెండు ఇమేజ్‌లనీ పక్కపక్కన తెరిచి కళ్ళతో చూడండి. ఎన్‌వీఎస్‌ఎస్ వివరం 45 ఆర్క్‌సెకన్లు, లాట్స్‌ది 6. ఎన్‌వీఎస్‌ఎస్‌లో ఒకటిగా కనిపించేది లాట్స్‌లో మూడు ముక్కలుగా విడిపోయి ఉండొచ్చు, అందులో ఒక్క ముక్కతో జత కుదిరితే ఇండెక్స్ తప్పుగా వస్తుంది. రెండు సర్వేల మధ్య ఏళ్ళు గడిచాయి కాబట్టి మూలం నిజంగానే మారి ఉండొచ్చు కూడా. ఇలా చేయగా చేయగా ఏ లెక్క ఎక్కడ మోసం చేస్తుందో చేతికి తెలుస్తుంది.

రా డేటా దించుకున్నాక

మొదట సైజు చూసుకోండి. లోఫార్ ఎనిమిది గంటల అబ్జర్వేషన్ ఒక్కటే టెరాబైట్లలో ఉంటుంది. టైమ్‌లో, ఫ్రీక్వెన్సీలో యావరేజ్ చేస్తే తగ్గుతుంది, కానీ ఎంత యావరేజ్ చేస్తే ఫీల్డ్ (మీరు చూసే ఆకాశపు ముక్క) మధ్య నుంచి దూరంగా ఉన్న మూలాలు అంత అలికినట్టు చెదిరిపోతాయి. మీకు కావలసింది మధ్యలోనే ఉందా, అంచున ఉందా అన్నది చూసి నిర్ణయించుకోండి. చాలా ఆర్కైవ్‌లు దించేముందే యావరేజ్ చేసి ఇస్తాయి, ఆ సౌకర్యం వాడుకోండి. మొదటిసారి చిన్న అబ్జర్వేషన్, కొద్ది బ్యాండ్‌విడ్త్, బాగా తెలిసిన ప్రకాశవంతమైన మూలం ఉన్న ఫీల్డ్ తీసుకుంటే మంచిది, ఎందుకంటే అక్కడ రావలసిన జవాబు ముందే తెలుసు.

ఏ ప్రోగ్రామూ నడపకముందే డేటాని ప్లాట్ చేసి చూడండి. ప్రతి యాంటెన్నాకి టైమ్‌తో, ఫ్రీక్వెన్సీతో ఎలా మారుతోందో గీసి చూస్తే చచ్చిపోయిన యాంటెన్నా, సగం పనిచేసేది, మిగతావాటితో పొంతన లేనిది వెంటనే కనిపిస్తాయి. ఈ ఒక్క పని దాటేసి పైప్‌లైన్ (వరసగా నడిచే ప్రోగ్రాముల గొలుసు) మీద భారం వేసినవాళ్ళు తర్వాత వారాల తరబడి తప్పు ఎక్కడుందో వెతుక్కుంటారు.

తర్వాత మనుషుల రేడియో. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఎఫ్‌ఎం, దాని పైన విమానాల సంభాషణలు, 137 దగ్గర ఉపగ్రహాలు, ఇంకా పైన డిజిటల్ టీవీ. ఎడారిలో పెట్టిన టెలిస్కోప్‌కి కూడా ఇవి తప్పవు: ఎండబ్ల్యుఏతో చంద్రుణ్ణి చూసినప్పుడు భూమి మీది ఎఫ్‌ఎం ప్రసారాలు చంద్రుడి మీద పడి తిరిగి రావడం కనిపించింది. స్టార్‌లింక్ ఉపగ్రహాల్లోని ఎలక్ట్రానిక్స్ నుంచి ఉద్దేశం లేకుండా లీకయ్యే రేడియోని లోఫార్ 2023లో నమోదు చేసింది. వీటిని కోసేయడానికి ఎఓఫ్లాగర్ అనే ప్రోగ్రామ్ అందరూ వాడతారు, చాలా బాగా పనిచేస్తుంది. కానీ అది పట్టుకునేది అకస్మాత్తుగా ఎగసేవాటిని. మీరు వెతికేది కూడా అకస్మాత్తుగా ఎగసేదే అయితే, అంటే సూర్యుడి పేలుడో పల్సో అయితే, మీ ఆవిష్కారాన్నే అది చెత్తబుట్టలో వేయొచ్చు. అలాంటి పనికి సెట్టింగులు మార్చి, కోసేసినదాన్ని కూడా ఒకసారి తిరగేయాలి. ఎంత శాతం పోయిందో ప్రతిసారీ రాసిపెట్టుకోండి, సగం డేటా పోతే కారణం తెలిసేదాకా ముందుకు పోకండి.

కాలిబ్రేషన్, అసలు కష్టం ఇక్కడే

బాగా తెలిసిన కాలిబ్రేటర్ మూలం ఒకటి, 3సీ 196 లాంటిదో 3సీ 295 లాంటిదో, మీ అబ్జర్వేషన్‌కి ముందో వెనకో తీసి ఉంటారు. దానితో ఒక్కో యాంటెన్నా ఎంత పెంచుతోంది, ఎంత ఆలస్యం చేస్తోంది, ఫ్రీక్వెన్సీతో ఎలా మారుతోంది అన్నది కడతారు. ఇక్కడిదాకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాళ్ళు చేసేదే. తేడా ఐనోస్ఫియర్‌తో వస్తుంది. కదులుతున్న నీళ్ళ అడుగున గులకరాళ్ళని చూసినట్టు ఉంటుంది ఆకాశం: మూలాలు ఊగుతాయి, చెదురుతాయి, ఒక్కో దిక్కులో ఒక్కోలా.

ఇందులో మనకి పనికొచ్చే ఒక చక్కటి విషయం ఉంది. స్టేషన్ గడియారంలో తేడా వల్ల ఫేజ్‌లో (తరంగం ఏ దశలో ఉందన్న దానిలో) వచ్చే మార్పు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, ఐనోస్ఫియర్‌లోని ఎలక్ట్రాన్ల వల్ల వచ్చేది ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. బ్యాండ్‌విడ్త్ తగినంత వెడల్పు ఉంటే ఈ రెంటినీ విడదీయొచ్చు. గడియారం తేడా ఎటు చూసినా ఒకటే కాబట్టి దాన్ని కాలిబ్రేటర్ నుంచి మీ ఫీల్డ్‌కి తీసుకెళ్ళొచ్చు, ఐనోస్ఫియర్‌ది మాత్రం తీసుకెళ్ళకూడదు, అది ఆ దిక్కుకే చెల్లుతుంది. ఈ విభజన అర్థం కాకుండా సొల్యూషన్లన్నీ (కాలిబ్రేషన్ కట్టిన సవరణలన్నీ) మూటగట్టి మోసుకెళ్తే మీ ఇమేజ్ మొదటికే పాడవుతుంది.

ఫీల్డ్ విశాలంగా ఉంటుంది కాబట్టి ఒకే సొల్యూషన్ మొత్తానికీ సరిపోదు. ఫీల్డ్‌ని ముక్కలుగా చేసి ఒక్కో దిక్కుకి విడిగా కాలిబ్రేట్ చేయాలి. లోఫార్‌కి దీని కోసం సిద్ధంగా ఉన్న పైప్‌లైన్లు ఉన్నాయి, జీఎంఆర్‌టీకి స్పామ్ ఉంది, ఎండబ్ల్యుఏకి హైపర్‌డ్రైవ్. అవి వాడండి, సొంతంగా రాయాలని పట్టుబట్టకండి, కానీ ప్రతి దశలో అవి ఇచ్చే ప్లాట్లు మాత్రం తెరిచి చూడండి. ఫేజ్ సొల్యూషన్లు నునుపుగా మారుతుంటే పర్వాలేదు. గజిబిజిగా నింపేసిన గీతల్లా ఉంటే ఆ సమయం ఐనోస్ఫియర్ అల్లకల్లోలంగా ఉన్నట్టు, ఆ గంటల్ని వదిలేయడమే మేలు. వీలున్నచోట రాత్రిపూట డేటా ఎంచుకోండి.

కాసియోపియా ఏ, సిగ్నస్ ఏ, టారస్ ఏ, విర్గో ఏ అనే నాలుగు మూలాలు ఎప్పుడూ తలలో పెట్టుకోవాలి. మీరు చూసే దిక్కుకి అవి ఎంత దూరంగా ఉన్నా పక్కదారిన డేటాలోకి చొరబడగలిగేంత గట్టివి. అబ్జర్వేషన్ సమయంలో అవి ఆకాశంలో ఎక్కడున్నాయో చూసుకుని, అవసరమైతే ముందే తీసేయండి.

ఇమేజ్, ఆ తర్వాత అనుమానం

ఇమేజింగ్‌కి డబ్ల్యుఎస్‌క్లీన్ సరిపోతుంది, విశాలమైన ఫీల్డ్ కోసమే రాసినది. పిక్సెల్ సైజు బీమ్‌లో (ఇమేజ్‌లో తేలే అతి సన్నని వివరం సైజులో) నాలుగో వంతో ఐదో వంతో పెట్టండి. ఫీల్డ్ బయట ఉన్న గట్టి మూలాలు కూడా కవరయ్యేంత పెద్ద ఇమేజ్ చేయండి, లేకపోతే వాటి చారలు లోపల మిగిలిపోతాయి. పొడవాటి మసక ఆకారాల కోసం చూస్తుంటే మల్టీస్కేల్ అనే ఆప్షన్ వాడండి.

ఇమేజ్‌లో కొత్తది ఏదో కనిపించింది. అది నిజమో కాదో ఎలా తేల్చాలి? డేటాని టైమ్‌లో రెండు సగాలు చేసి విడివిడిగా ఇమేజ్ చేయండి, ఫ్రీక్వెన్సీలోనూ అలాగే. నిలకడగా ఉండే మూలం అన్నిట్లోనూ ఒకే చోట ఉండాలి. ఇమేజ్‌ని తిరగేసి, అంటే నెగెటివ్ చేసి, అదే పద్ధతిలో మూలాలు వెతకండి. ఆకాశంలో నెగెటివ్ మూలాలుండవు కాబట్టి అక్కడ ఎన్ని దొరికాయో చూస్తే మీ లిస్టులో ఎన్ని ఉత్తుత్తివో అంచనా వస్తుంది. పక్కనున్న గట్టి మూలం చుట్టూ ఉన్న రింగు మీద సరిగ్గా పడిందేమో చూడండి. తెలిసిన మూలాల ప్రకాశాన్ని క్యాటలాగ్‌తో పోల్చండి, అన్నీ ఒకే వైపు 20 శాతం తేడాగా ఉంటే మీ ఫ్లక్స్ స్కేల్ (ప్రకాశపు కొలమానం) తప్పు. స్థానాలన్నీ ఒకే దిక్కుకి జరిగి ఉంటే అది ఐనోస్ఫియర్.

మళ్ళీ మళ్ళీ వచ్చే సిగ్నల్ అయితే ఇంకో పరీక్ష ఉంది, అన్నిటికంటే గట్టిది. నక్షత్రాలు రోజుకి దాదాపు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. మీ సిగ్నల్ కూడా అలాగే ముందుకు జరుగుతుంటే అది ఆకాశానిది, ప్రతిరోజూ గడియారం ప్రకారం ఒకే వేళకి వస్తే మనుషులది అని బలంగా అనుమానించాలి. జోసెలిన్ బెల్ అనే రీసెర్చ్ విద్యార్థిని 1967లో కేంబ్రిడ్జ్ దగ్గర పొలంలో వేసిన, 81.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే డైపోల్ యాంటెన్నాల వరుసల నుంచి వచ్చిన చార్టుల్లో ఒక చిన్న గీతల గుంపు గమనించారు. అది అప్పటికి తెలిసిన మూలాల్లా లేదు, మనుషుల రేడియోలా కూడా లేదు. నక్షత్రాల కాలంతోనే తిరిగి వస్తోందని ఆమె పట్టుకోవడంతో దాన్ని పక్కన పడేయలేకపోయారు. వేగంగా తిరిగే చార్టు మీద తీస్తే 1.337 సెకన్లకోసారి పల్స్. మొదటి పల్సర్ అదే, తక్కువ ఫ్రీక్వెన్సీ యాంటెన్నాల గుంపుతోనే దొరికింది. మీ చేతిలో ఇప్పుడున్న ఆటోమేటిక్ పైప్‌లైన్ అలాంటి గీతల గుంపుని చెత్త కింద కోసేసేదా కాదా అన్నది నిజంగా పరీక్షించి చూడదగ్గ విషయం: తెలిసిన ఒక పల్సర్ డేటాని దానిలోంచి పంపి చూడండి.

కొత్త అబ్జర్వేషన్ టైమ్ అడగాలంటే

ఆర్కైవ్‌తో తేలనిది ఏదో ఖచ్చితంగా చెప్పగలిగినప్పుడే ప్రపోజల్ రాయండి. దాన్ని చదివేవాళ్ళు చూసేది: ఈ పనికి తక్కువ ఫ్రీక్వెన్సీయే ఎందుకు, ఇన్ని గంటలే ఎందుకు, ఎంత నాయిస్ వస్తుందని లెక్కకట్టారు, డేటా ప్రాసెస్ చేసే సత్తా, కంప్యూటర్లు మీ దగ్గర ఉన్నాయా. నాయిస్ లెక్కలో పాలపుంత ప్రకాశాన్ని కలపడం మర్చిపోవద్దు, పాలపుంత తలానికి దగ్గరగా చూస్తే గంటలు బాగా పెరుగుతాయి. మీరు ఆర్కైవ్ డేటాతో చేసిన ఒక ఇమేజ్ జతచేస్తే ఎన్ని మాటలు రాసినా రాని నమ్మకం వస్తుంది.

పేపర్ రాసేటప్పుడు అబ్జర్వేషన్ నంబర్లు, ప్రతి ప్రోగ్రామ్ వెర్షన్, ఏ ఫ్లక్స్ స్కేల్ వాడారు, ఎంత డేటా కోసేశారు, ఏ గంటలు వదిలేశారు అన్నీ ఇవ్వండి. ఇమేజ్‌ని బొమ్మగా కాకుండా ఫిట్స్ (ఖగోళ డేటాకి వాడే ఫార్మాట్) ఫైల్‌గా, స్క్రిప్టులతో సహా బయటపెట్టండి. పదేళ్ళ తర్వాత ఎవరో మీ ఫీల్డ్‌లో కొత్త మూలం చూసి, అది ఇంతకుముందు అక్కడ ఉందా లేదా అని అడుగుతారు. అప్పుడు వాళ్ళకి కావలసింది మీ ఇమేజ్‌లో ఆ స్థానం దగ్గర నాయిస్ ఎంత అన్న అంకె, అది ఆ ఫైల్‌లో ఉండాలి.